కుంటి బల్ల

నువ్వడిగావు సుభద్రా, బదిలీ మీద దిగిన మర్నాడే:
ఈ ఊళ్లో తిండి ఎక్కడ బాగుంటుందని.

రాజధాని అవుతుందన్నారోసారి.
కాదన్నారు మరోసారి.
ఆ రెండు వార్తల మధ్య సిరిపురంలో
ఇడ్లీ ప్లేటు పదిహేను రూపాయలు పెరిగింది,
మళ్లీ దిగలేదు.

బీచ్ రోడ్డులో ఆ అద్దాల హోటల్‌కి వెళ్లొద్దనను.
సముద్రం బాగుంటుందక్కడ.
పులుసు మాత్రం
సముద్రాన్ని ఎప్పుడూ చూసినట్టుండదు.

పూర్ణా మార్కెట్ వెనక, పొద్దున ఆరింటికి,
దిబ్బరొట్టె మాడిన అంచు అడిగి తీసుకో.
మధ్యలోది ఎవరైనా ఇస్తారు.

నిజంగా ఆకలేసిన రోజు హార్బర్‌కి రా.
ఐసు ఫ్యాక్టరీ గోడ దాటాక నీలం టార్పాలిన్,
రెండు బల్లలు, ఒకటి కుంటుతుంది.
మైలపిల్లి ఎర్రయ్యమ్మ దగ్గర మెనూ ఉండదు,
నీ మొహం చూస్తుంది.
"ఏటమ్మా, అలాగైపోనావు? కూకో."
కానాగంతల పులుసులో మామిడికాయ టెంక,
పక్కన వేపిన నెత్తళ్లు, తలలతో సహా.

వేట బందైన రెండు నెలల్లోనూ వెళ్లాన్నేను.
"చేప నేదు బావూ. ఐసులోది నాను వొండను.
పప్పుచారుంది, తింతావా?"
తిన్నాను.
ఎదురుగా లంగరేసిన పడవలకి రంగులేస్తున్నారు,
టర్పెంటైన్ వాసన
చారులోకి వచ్చి కూర్చుంది.

అన్నట్టు, డబ్బులు ముందే ఇవ్వకు.
ఆకులో ముళ్లు లెక్కపెట్టి తనే చెబుతుంది.
మెత్తటి ముల్లు నమిలేశావనుకో,
ఆ ముక్క ఉచితం.