పెన్నేరు గడ్డ

ఫర్వానియాలో సెలూన్ పక్క సందులో మా అంగడి.
పగలంతా ఏసీ చప్పుడే, గిరాకీ ఉండదు.
మగ్రిబ్ నమాజు అయినాక మొదలవుతుంది
మెడలు లేని మనుషుల రాక.

డబ్బాలన్నిటి మీదా ఆకుల బొమ్మలే.
ఆకు ఉంటే ధర రెండు దీనార్లు ఎక్కువ.
బీట్‌రూట్ పొడి పరుగుకంట.
నల్ల జీలకర్ర నూనె దేనికైనా సరేనంట.
కొబ్బరినీళ్ళను ఎండబెట్టి పొట్లం కట్టినారు,
అందులో మళ్ళీ నీళ్ళు పోసుకొని తాగాలంట!
నేను నవ్వను. నవ్వితే ముదీర్ చూస్తాడు.
"నేచురల్, నేచురల్" అని రెండుసార్లు అంటాను,
రెండోసారి కాస్త నిదానంగా.

మూడో అరలో, చేతికందే ఎత్తులో
పద్నాలుగు దీనార్ల డబ్బా.
ఒంటికి సత్తువ, కసరత్తు తర్వాత తేరుకోవడం,
మనసుకు గురి,
మూడూ ఒకే మూత కింద.
ఆరు నెలలుగా రోజూ దాని మీద దుమ్ము తుడుస్తున్నా.
దాని పేరు అరబ్బీలో పలుకుతా, ఇంగ్లీషులో పలుకుతా.
ఒకనాడు సీలు ఊడిన డబ్బా వాపసొచ్చింది.
మూత తీసినాను.
గుర్రం చెమట వాసన.

ఓరి నీ, ఇది పెన్నేరు గడ్డ కదరా!

మా అవ్వ ఓబుళమ్మ రోట్లో దంచి
పాలలో ఉడకేసి, ఇంత బెల్లం గడ్డ వేసి
బావులు తవ్వొచ్చిన మా నాయనకు పోసేది.
ఆయన ముక్కు మూసుకొని తాగి, లోటా బోర్లించి
"గుర్రం ఉచ్చ తాగినట్టుండాదే అమ్మా" అనేవాడు.
"గుర్రమయితాండావు గదా, మరి" అనేది.

ఏటి పేరు పెట్టుకున్న వేరు.
ఏట్లో చుక్క లేని ఏండ్లలో గూడా
దాని పేరులో ఏరు ఉండింది.
గడ్డ అంటే దుంపా అదే, ఒడ్డూ అదే,
పుట్టిన నేలా అదే,
ఒంట్లో లేచి సలిపితే అదీ గడ్డే.
డబ్బా మీద రాసినాయన ఒక్క మాటే రాసినాడు, పాపం,
అదీ లాటిన్లో.

మా రూములో మస్తాన్‌వలి
జహ్రా కాడ సిమెంటు పనికి పోతాడు.
లిఫ్టు లేని నాలుగంతస్తులు, బస్తా మీద బస్తా.
ఎత్తినదాన్ని ఎత్తినచోటే దించితే కసరత్తు,
పైకి చేరిస్తే కూలి.
రెంటికీ భుజం ఒకే తీరుగా సలుపుతుంది.
తేరుకునే మందు మాత్రం
ఒకరికే అమ్ముతాం.
వాని మందు రెండు ఖర్జూరాలు,
ఉప్పేసిన లబన్,
గోడకు నడుం ఆనించి పది నిమిషాలు.
పదకొండో నిమిషంలో ఎవరో బాత్రూం ఖాళీ అయిందని అరుస్తారు.

నిన్న మూసేవేళ ఎదురు బిల్డింగు వాచ్‌మన్ వచ్చినాడు,
నేపాలీ, దిల్లీరామ్ అని పేరు.
"పన్నెండు గంటల డ్యూటీ భయ్యా,
మూడింటికి కళ్ళు నిలవవు,
గురి కుదిరేది ఏమన్నా ఉందా?"
అరల మీద పోయి పోయి వాని వేలు
పద్నాలుగు దీనార్ల కాడ ఆగింది.
ధర చదివి, వెనక్కి తీసుకొని,
ఏదో అంటినట్టు ప్యాంటుకు తుడుచుకున్నాడు.
అమ్మితే నాకు అరదీనారు.
"ఇది నిద్రను ఆపేది కాదు దిల్లీరామ్,
మా పక్క దీన్ని తాగినోళ్ళు
ఒళ్ళు మరిచి పడుకునేటోళ్ళు."

వాడు డబ్బా వైపు చానాసేపు చూసినాడు.
"అయితే అదే కావాల."

వాపసొచ్చిన డబ్బా ఏ లెక్కలోనూ లేదు.
బిల్లు కాగితం చింపి
రెండు చెంచాలు పొట్లం కట్టినాను.
వేడిపాలలో, అన్నాను. సెలవు రోజున, అన్నాను.
"సెలవా?" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో
పక్కనాయన నా చేతుల వైపు ముక్కు చిట్లించి
లేచి, ముందుకు పోయి నిలబడినాడు.
గుర్రానికి రెండు సీట్లు దొరికినాయి.
కాళ్ళు చాపుకున్నాను.