ఇంటిపేరు

కల్వకుర్తి మందుల దుకాణం వెనక గదిలో
జిగురట్ట మీంచి గీకి భూతద్దం కింద పెట్టాను.
వడ్లగింజంత ఉంది.
వెండిపొడి చల్లిన బూడిద రెక్కలు,
ఎవరో పెన్ను విదిలించినట్టు నల్లచుక్కలు,
నూలుపోగు మీసాల మీద
తెలుపూ నలుపూ, తెలుపూ నలుపూ.

“దక్షిణ అమెరికాదమ్మా ఇది.”
మొగులమ్మ చెంగుతో చెమట తుడుచుకుంది.
“గంత దూరం కెల్లి
నా ఎకరంనర టమాటకే అచ్చిందా?”

పుస్తకంలో దీని పేరు ఎన్నిసార్లు కొట్టేశారో!
కడుపు కొన కోసి, చుట్టరికాలు తేల్చి
ఒక ప్రజాతి లోంచి ఇంకో ప్రజాతికి,
అక్కణ్నుంచి మరో దానికి మార్చి మార్చి
నూరేళ్ల తర్వాత
పుట్టింటి పేరే తిరిగిచ్చారు.
అన్నేళ్లూ అది మాత్రం
ఆకు రెండు పొరల మధ్య
దారి తవ్వుకుంటూనే ఉంది.

ఆమె సంచిలోంచి కాయ తీసింది.
తొడిమ పక్కన సూదిమొనంత బెజ్జం.
“పేరు నువ్వే రాసుకో సారూ.
మార్కెట్ల దీన్ని
కిలో రెండ్రూపాలు అంటున్నరు.”

రిజిస్టర్లో పేరు గడి దగ్గర ఆగాను.
రెక్కపొడి వేలికి అంటింది.
వెండి కాదు,
బూడిదే.