చేతులు కట్టుకోవడం

ఫహాహీల్‌లో రెండో అంతస్తు.
కుర్చీ ఎక్కి చూస్తే సముద్రం,
ఎక్కకపోతే ఎదురింటి ఏసీ డబ్బాలు.
పద్నాలుగు మంది పిల్లలు, పద్నాలుగు కొక్కేలు.
కొక్కెం పైన పేరుండదు, బొమ్మ ఉంటుంది.
తాబేలు, గొడుగు, ఉల్లిగడ్డ.
ఉల్లిగడ్డ ఎందుకని అడిగితే
"ఆ పాపే గీసుకునింది" అన్నది దిల్‌రుక్షి మిస్,
అంతకంటే కారణమేం కావాలన్నట్టు.

పనిలో చేరిన రోజు నాకు చెప్పింది ఒకటే మాట:
"ఓబులమ్మా, చేతులు వెనక్కి కట్టుకో."

నాకు తెలియని పనా అది?
తొమ్మిదేండ్లు మంగఫ్‌లో ఒక పెద్దింట్లో
చేతులు కట్టుకునే నిలబడినాను.
పిలిస్తే విప్పడం, పని కాగానే కట్టడం.
పదేండ్ల పిల్లోడు సోఫాలో కాలు చాపితే
వంగి బూటు లేసు ముడేసినాను.
చేపలో ముండ్లు తీసి పెట్టినాను,
పెన్సిల్ చెక్కినాను,
వాడు మరిచిపోయేదంతా
వాడి బదులు నేను గుర్తుపెట్టుకున్నాను.
నా ముడి ఎట్లుంటుందో
వాడు ఒక్కసారీ తల వంచి చూడలేదు.
మంచి మనిషి దొరికిందన్నారు ఆ ఇంట్లో.
పిల్లోనికి ఏదీ రాకుండా చేసినందుకు
ఆ మంచితనం.

ఇక్కడ కట్టుకోవడం వేరే.

జుమానాకు మూడేండ్లు.
ఇసుక పెట్టె దగ్గరికి పోవాలంటే చెప్పులు తొడుక్కోవాలి.
కుడి చెప్పు ఎడమ కాలికి పెట్టింది.
తీసింది. దాన్ని తిప్పి చూసింది.
మళ్ళీ అదే కాలికి.
నా వేళ్ళు వీపు వెనక ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయి.
ఏడు నిమిషాలు.
తలుపు దగ్గర మిగతా పిల్లలు
గోడ మీది బల్లిని లెక్కపెడుతున్నారు,
ఒకటే బల్లిని, చాలాసార్లు.
"నేను పట్టుకోనా తల్లీ?" అన్నాను.
"లా" అన్నది.
వద్దనడానికి ఆ భాషలో ఒక్క అక్షరం చాలు.
కడకు పట్టీ అంటుకున్న చప్పుడు.
లేచి నిలబడింది, రెండు చెప్పులూ తారుమారుగా.
ఆ మొహం చూసినాక
సరిచేసే ధైర్యం ఎవరికుంది?
అట్లనే ఇసుకలోకి పోయినాము.

మిస్ పాఠాలు చెప్పదు, పని మధ్యలో విసిరిపోతుంది.
అన్నం ఒలకబోసుకుంటే తుడవద్దు, గుడ్డ ఇయ్యి.
ఏడుస్తుంటే ఊరుకోమనకు, పక్కన కూర్చో.
ఊరికే బాగుంది బాగుంది అనకు, ఎట్ల చేసినావో చెప్పమను.
ఈ చివరిది మాత్రం నాకింకా పట్టుబడలేదు.
"నా బంగారుకొండా" అని నోరు జారుతుంది.
మిస్ వినీ విననట్టు పోతుంది.

రుత్విజ్ వాళ్ళ నాయన వచ్చినాడు ఒకరోజు,
రిఫైనరీ షిఫ్టు నుంచి అట్లే, ఇనప ముక్కు బూట్లతో.
"ఏబీసీడీలు ఎప్పుడు మొదలుపెడతారు?"
మిస్ చిన్నకుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.
కొడుకు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి
కందిబేడలు ఒంపుతున్నాడు.
"నెలకి నలభై దినార్లు, బేడలు ఒంపడానికా?"
"వేళ్ళు ముందు, అక్షరం తర్వాత" అన్నది మిస్.
ఆయన నమ్మలేదు. వచ్చే నెల చూస్తామన్నాడు.
అప్పుడే ఒక బేడ దొర్లి ఆయన బూటు పక్కన ఆగింది.
పిల్లోడు వంగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి
దాన్ని ఎత్తి గిన్నెలో వేసినాడు.
రేపు బలపం పట్టేది ఆ రెండు వేళ్ళే.
ఆయన వాచీ చూసుకుంటున్నాడు.

నిన్న దుమ్ముగాలి. పట్టపగలే కిటికీలు టీ రంగు.
బస్సుల కోసం అందరం మెట్ల కింద నిలబడినాము.
నా బూటు లేసు ఊడింది.
మోకాలి నొప్పికి వంగడం కష్టమై
మెట్టు మీద కూలబడినాను.
జుమానా వచ్చి ఎదురుగా నిలబడింది.
సాయం చేస్తుందేమో అనుకున్నాను.
చేతులు రెండూ వెనక్కి కట్టుకునింది,
అచ్చం నా మాదిరే.
హారన్ మోగింది. అది కదలలేదు.

నేను నిదానంగా ముడేసుకున్నాను.
అది చూస్తూనే ఉంది.