లాకు రిజిస్టరు

ఫ్రీస్‌లాండ్ చలిలో, తెల్లవారుజామున నాలుగింటికి
టార్చిలైటు వేసుకుని
పిల్లి ఇసుకపెట్టెలో వెతుకుతున్నాను.
పేరు హిల్కె, కాలువ లాకుల కాపలాదారుని.
మూడో రోజు. ఏమీ లేదు.
ఇసుక మీద నాలుగు గోటిగీతలు,
ప్రయత్నమైతే జరిగిందన్నట్టు.

పిల్లి పేరు డ్రోప్.
మావాళ్ళు బుగ్గన పెట్టుకుని చప్పరించే
నల్లటి ఉప్పు మిఠాయి పేరు.
ఇప్పుడు దానికి ఉప్పు తగలకూడదు.
పేరులో ఉన్నదే దక్కుడు.

గుండె గోడలు మందమయ్యాయట.
లోపల చోటు చాలక
నెత్తురు వెనక్కి తన్ని
ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతోందట.
డాక్టర్ రిక్స్ట్ తెర మీద చూపించింది:
బూడిదరంగు తలుపొకటి
తెరుచుకుంటూ, మూసుకుంటూ,
సరిగ్గా మూసుకోకుండా.
"అర్థమవుతోందా?" అంది.
ముప్పై ఒక్క ఏళ్ళుగా తలుపులు మూస్తున్నవాణ్ణి.
అర్థం కాకేం.

పొద్దున అర బిళ్ళ, రాత్రి అర బిళ్ళ.
నీటిని తోడేసే బిళ్ళ.
దానికి హద్దులు తెలియవు,
రొమ్ములో నీటితో పాటు
పేగుల్లో తడినీ పట్టుకుపోతుంది.
మిగిలేది మేకపెంటికల్లాంటి నాలుగు రాళ్ళు,
అవీ కదలవు.

నీళ్ళు ఎక్కిద్దామంటే గుండె ఓర్వదు.
బిళ్ళ మానేద్దామంటే ఊపిరి ఆడదు.
ఎగువవాళ్ళకి ఒక మాట, దిగువవాళ్ళకి ఒక మాట
చెప్పుకుంటూ బతికినవాణ్ణి,
నా ఉద్యోగమే ఇంట్లోకొచ్చి కూర్చుంది
నాలుగు కేజీల బొచ్చుతో.

"ముక్కనివ్వకు, గుండెకి బరువు," అంది డాక్టరు.
ఆ సంగతి దానికెవరు చెబుతారు?
పెట్టె అంచు ఎక్కడానికే ఆయాసపడుతోందని
రంపంతో ఒకవైపు కోసి గుమ్మం పెట్టాను.
గుమ్మడికాయ ఉడికించి
చెంచాలో పావు వంతు.
ఉప్పూ ఉల్లీ లేని కోడి ముక్క, గోరంత.
తియ్యటి సిరప్, సూది లేని సిరంజితో.
సగం దానికి, సగం నా స్వెటర్‌కి.

నవంబరులో ఒక తప్పు చేశాను.
రెండు రోజులు మూతి తిప్పుకుంది, ఏమీ ముట్టలేదు.
పడవ నడిపే దావ వచ్చి
"ఇదిగో, దీనికి ఏ పిల్లి లొంగదు?" అని
ఉప్పులో ఊరిన హెర్రింగ్ ఇచ్చాడు.
తోకంత. అంతే.
తింది. మూతి తుడుచుకుంది. నా వైపు
చాలా రోజుల తర్వాత, మనిషిని చూసినట్టు చూసింది.
ఆ రాత్రి నిద్రలో దాని పక్కటెముకలు లెక్కపెట్టాను:
నిమిషానికి ముప్పై దాటకూడదు.
నలభై ఆరు.
మంచు పట్టిన రోడ్డు మీద
దాని గంప పక్కసీట్లో పెట్టుకుని
ఎంత వేగంగా పోయానో చెప్పను.
దావ మీద కోపం రాలేదు.
నా చెయ్యి మూడు రోజులు చేపవాసన కొట్టింది.

ఇవాళ నాలుగూ నలభైకి
పెట్టెలోంచి చప్పుడు.
ఊపిరి బిగబట్టాను,
పిల్లి మాత్రం బిగబట్టలేదు.
తర్వాత ఇసుక గీకుడు, గంభీరంగా,
పెద్ద పని ముగించిన అధికారిలా.
వంగి చూశాను.
ఒకటి. మెత్తగా.
ఈ వయసులో వంటింట్లో ఒంటరిగా చప్పట్లు కొట్టాను.
కంగారుపడి బల్ల కిందికి దూరింది.

బయట మొదటి బార్జ్ హారన్.
గదిలోకి పరుగెత్తి తలుపులు దించి
నీటిని కొంచెం కొంచెంగా వదిలాను,
తొందరపడితే తాళ్ళు తెగుతాయి.
అలవాటు కొద్దీ రిజిస్టరు తీసి రాశాను.

వారం తర్వాత తనిఖీకి వచ్చిన ఫెట్స్కె మేడమ్
కళ్ళజోడు సవరించుకుని ఆ పేజీ దగ్గర ఆగింది.
"నాలుగూ నలభై. డ్రోప్. ఒకటి. మెత్తగా.
ఇదే పడవ? నంబరేదీ?"

చిన్నదన్నాను. నల్లటిది.
దిగువకి వెళ్ళింది.