సారు దిగినాక

కుళ్ళాయప్పా, కొత్తగా వచ్చినావు గదా, చెప్తా విను.
నాలుగింటికి సారు లోపలికి పోతాడు.
పేకాటనుకో, మీటింగనుకో, మనకెందుకు.
ఏడు దాకా డాలర్స్ కాలనీలో ఈ వీధి నీదే.

ముందు బండి నీడకు పెట్టు.
కానుగ కింద పెట్టు. మూలింటి ముందర
గులాబీ రంగు పూల చెట్టుందే, దాని కింద వద్దు.
చూసేకి బాగుంటాది,
మార్చిలో బానెట్ మీద పెండ్లి చేసి పోతాది.
తుడిచేది నువ్వు.

ఇంజను ఆపు.
ఏసీ కోసం నడిపితే ఎనిమిదో నంబరింటమ్మ వచ్చి
అద్దం కొడతాది, చేత్తో కాదు,
వేలి ఉంగరంతో.
ఆ చప్పుడు మూడు దినాలు చెవిలో ఉంటాది.

ఈడ చేసేకి ఏముందన్నా అంటావు.
శానా ఉండాది.

గేట్లు చూడు. కొన్ని వాటంతటవే తెరుచుకుంటాయి,
కొన్నిటికి ఇంకా మనిషి కావల్ల.
ఆ నల్ల గేటు మనిషి ధనేశ్వర్, అస్సామోడు.
వాళ్ళూర్లో నీళ్ళెక్కువై వాడొచ్చినాడు,
మనూర్లో నీళ్ళు లేక మనమొచ్చినాం.
మాట్లాడేకి ఇద్దరికీ కలిసి పదిహేను హిందీ మాటలుండాయి.
బీడీకి అవి చాలు.

టీ కావాలంటే రెండు సర్కిళ్ళు దాటల్ల.
దగ్గర్లో గాజు తలుపు కాఫీ అంగడుంది.
ధర చదివితేనే నిద్ర మత్తు వదులుతాది,
తాగే పని లేదు.

అసలు సంగతి ఇప్పుడు.
ఒంటికి పోవల్లంటే పార్కొకటే దిక్కు,
దాన్ని ఐదింటికి గానీ తెరవరు.
నాలుగు నుంచి ఐదు దాకా ఓర్చుకునేది
ఈ కాలనీలో మొదటి వ్యాయామం.
గోడకు పోదామంటే
ఏసు, మక్కా, తిమ్మప్ప
టైల్సులో వరసగా నిలబడినారు.
ఏ గుళ్ళోనూ మనల్ని ఇంత కనిపెట్టుకోని లేరు సామీ.

ఐదు దాటితే కుక్కలొస్తాయి.
నాలుగు తాళ్ళు, నాలుగు దిక్కులు,
మధ్యలో మడకశిర పిల్లోడు ఈరన్న.
కుక్కలతో ఇంగ్లీషు, నాతో తెలుగు,
ఫోన్లో వాళ్ళమ్మతో కన్నడం.
దేనికి షుగరో, దేని పుట్టినరోజుకు ఎంత కేకు కోసినారో
అంతా వాని దగ్గరుంటాది. అడగద్దు, వాడే చెప్తాడు.

ఇస్త్రీ బండి పుట్టమ్మక్క
పోయేటోళ్ళనూ వచ్చేటోళ్ళనూ ఒకటే అడుగుతాది:
ఊట ఆయ్తా?
వచ్చిన కొత్తలో నాకేం తెలుసు.
ఊటంటే నాకు మా బావే గుర్తొచ్చింది.
అయిపోయిందక్కా, అన్నా.
ఎనిమిదేండ్లాయ, అడుగున తేమ గూడా లేదు.
ఆయమ్మ నవ్వలేదు.
పెట్టెలో బొగ్గులు గాలికి ఒకసారి ఎర్రబడినాయి.
ఎనిమిదేండ్లుగా తినలేదనుకునిందో ఏమో
చొక్కాల మూట పక్కకు జరిపి
సంగటి ముద్దలో సగం విరిచి పెట్టింది.
ఇప్పుడు నాకు కన్నడం వస్తాది.
అయినా తినింటే గూడా
ఇంకా లేదక్కా అంటా అప్పుడప్పుడు.

ఆరున్నరకు లైట్లు పడతాయి.
పదకొండో నంబరు మేడ మీద
ఎవరో పియానో నేర్చుకుంటాండారు.
రోజూ ఒకే చోట తప్పుతాది. ఆగుతాది.
మళ్ళా మొదటి నుంచి.
నాకు పాట తెలీదు, తప్పు మాత్రం తెలుసు,
స్పీడు బ్రేకరు మాదిరి ముందే ఒళ్ళు బిగుసుకుంటాది.
పోయిన బేస్తవారం ఆ చోటు దాటేసింది.
వీధిలో ఇంకెవరూ లేరు వినేకి.
చప్పట్లు కొడదామని చేతులెత్తినా,
ఉంగరం గుర్తొచ్చింది.
స్టీరింగు మీద రెండు వేళ్ళతో కొట్టినా, మెల్లగా.

నీ వంతు రేపటి నుంచి.
సారొచ్చి, ఏం చేస్తాంటివప్పా ఇంతసేపూ అంటాడు.
ఏం లేదు సార్, అను.
ఆయప్ప రాకముందే
సీటు నిటారుగా పెట్టుకో.