అతుకు

హంటర్ రోడ్డు మీద ఐదంతస్తుల బిల్డింగు.
లిఫ్టు గుంత ఇంకా నోరు తెరిచే ఉన్నది.
రెండో ఏడు అప్రెంటిసులం నలుగురం,
నెత్తి మీద పచ్చ టోపీలు,
చెవి మీద పెన్సిళ్ళు.

మొదటి ఏడంతా గోడలకు గాడి కొట్టినం,
పైపులు మోసినం, చాయ్ తెచ్చినం.
ఈ ఏడు యాకూబ్ సాబ్ నక్షా చేతికిచ్చి
"చదువుండ్రి" అన్నడు.
చూస్తే కాకతీయ కాలువ తూముల లెక్క:
ఎవరి మడికి ఎంత,
ఏ తూము ముందు కట్టాలె.

మూడు ఫేజులకు లోడు పంచమన్నడు.
ఏసీలన్నీ ఎర్ర తీగకే రాసిన.
"ముగ్గురన్నదమ్ములుంటే
పెద్దోని నెత్తి మీదనే అన్ని మూటలా?"
నవ్వి, రబ్బరు ఇచ్చిండు తుడుపుకొమ్మని.

మాది కొత్తవాడ.
మా నాయిన జంపఖానా మగ్గం మీద
పోగు తెగితే
నాతో ముచ్చట పెట్టుకుంటనే ముడేస్తడు.
ఎక్కడ వేసిండో తెల్లారి ఆయనకే దొరకదు.
మా ఇంట్ల అది విద్య.

అందుకే అయ్యుంటది.
మూడు వందల రెండుల, వంటింటి గోడల
తీగ మూరెడు తక్కువ పడితే,
కొత్త చుట్ట కోసం నాలుగు మెట్ల వరుసలు ఏం దిగుతమని
రెండు కొసలు మెలేసి, టేపు చుట్టి
పైపులకు తోసిన.
ఎవ్వరు చూడలే.
వారం తిరిగేసరికి దాని మీద టైల్సు,
టైల్సు మీద మామిడికాయ బొమ్మలు.

మెగ్గర్ పెట్టిన నాడు
యాకూబ్ సాబ్ అద్దాలు ముక్కు కొసకు జార్చి
అంకె చదివిండు, రాసుకున్నడు.
బాగున్నది.
గోడ నా దిక్కే ఉన్నది. మిషన్ కూడ నా దిక్కే.

"ఇయ్యాల తట్టుకున్నది.
ఇరవై ఏండ్లకు ఏమైతదో గీ మీటరు చెప్పదు"
అని ఎవరితోనో అన్నట్టు అన్నడు.
నన్ను చూడలే.
చూస్తే బొంకేదాన్నే.

ఆ రాత్రి మా వాడల కరెంటు పోయింది.
దోమలు.
కండ్లు మూస్తే, మొఖం తెల్వని ఒకామె
తడి చేతులతోటి మిక్సీ పెడుతున్నది,
అల్లమెల్లిగడ్డ వాసన నాదాక వస్తున్నది.

పొద్దున చెప్పిన.
సమ్మయ్య నా కాలు తొక్కిండు, ఊకోమని.
యాకూబ్ సాబ్ అడిగింది ఒక్కటే:
"ఏ పైపు?"

లాగితే రాలే. ఇద్దరు లాగితే రాలే.
వంపు కాడ నా ముడి
మొరాయించిన ఎద్దు లెక్క కూసున్నది.
మూడు టైల్సు పగులగొట్టినం.
టైల్సు మేస్త్రి కేదారి
కోట రాళ్ళకు ఇనబడేటట్టు తిట్టిండు.
ఆ నెల స్టైపెండుల ఆ మూడు టైల్సు పోయినయి,
అర సంచి సిమెంటు కూడ.

టేపు విప్పితే
చెమ్మకు రాగి పచ్చబారింది, వెంట్రుకంత.
యాకూబ్ సాబ్ దాన్ని చూపించిండు
మాకు నలుగురికీ, ఒకలెన్క ఒకలికి.
ఆయన బొటనవేలికి గోరు లేదు.
ఎట్ల పోయిందో రెండేండ్ల సంది ఎవ్వరం అడగలే.
"జంపఖానాల ముడి తప్పితే
కూసున్నోనికి గుచ్చుకుంటది బిడ్డా,
గిదైతే..."
అని ఆపి, చాయ్ తాగిండు.

కొత్త తీగ. ఒక్కటే తీగ, డబ్బా నుంచి డబ్బాకు.
నెల చివర మెయిన్ వేసినం.
ఏం కాలే.
ఫ్యాన్లు తిరిగినయి, అంతే.
యాకూబ్ సాబ్ తల పక్కకు వంచి
ఆ ఏం కాకపోవుడును కొంచెంసేపు విన్నడు.

ఇంటికి తెచ్చిన ఆ అతుకును.
నాయిన దీపం కాడికి పట్టుకపోయి
వేళ్ళ నడుమ తిప్పి తిప్పి చూసిండు.
"ముడి మంచిగనే పడ్డది గద" అన్నడు,
కొంచెం గర్వంగ.

ఏం చెప్పాలె.
సోమవారం పరీక్ష.
స్టార్ డెల్టా బొమ్మ గీసుకుంట కూసున్న.