నడిమి కాగితం

మా ఇంటి బైబిల్లో
పాత నిబంధన అయిపోయి కొత్తది మొదలయ్యే చోట
ఒక ఖాళీ కాగితం ఉంది.
ఖాళీ అంటే, అచ్చు లేదని.
మా తాత జెకర్యా మాస్టారు
పాళీ కలంతో అక్కడే అందర్నీ పుట్టించాడు:
పేరు, తేదీ, బాప్తిస్మమిచ్చిన అయ్యగారు.
పోయినవాళ్ళ పక్కన చీమంత సిలువ.

ఎనభై ఆరు వరదకి గట్టు తెగినప్పుడు
మామ్మ బియ్యం డబ్బా వదిలేసి
ఈ పుస్తకం నెత్తిన పెట్టుకుని బడి మేడెక్కిందట.
అయినా తడిసింది.
ఇప్పటికీ అంచున టీ రంగు గీత,
ఇంతవరకూ వచ్చానని గోదావరి పెట్టిన సంతకం.

నీళ్ళు తీశాక తాత కూర్చుని
అలికిన పేర్లన్నీ తిరగరాశాడు.
ఆరో పేరు దగ్గర కలం ఎత్తేశాడు.
కొట్టెయ్యలేదు. ఊరికే రాయలేదు.
అక్కడొక నీలి మరక.

ఆ మరక మా పెద్దత్త దోర్కమ్మ.
లేసు అల్లే పిల్ల, వరదకి రెండేళ్ళ ముందు
నరసాపురం రేవులో పంటెక్కి
ఇన్నయ్యతో అవతలి ఒడ్డుకి పోయింది.
వాళ్ళది మరియమాత గుడి.
వాళ్ళ గ్రంథంలో
మా దానికన్నా ఏడు పుస్తకాలు ఎక్కువ.

మొన్న వెళ్ళాను.
కళ్ళకి పొర కమ్మి, వేళ్ళతో చూస్తోంది.
"చదవవే ఇది, మీ దాంట్లో ఉండదు" అని నవ్వింది.
చదివాను. చూపు పోయిన తండ్రి,
దూరం బయల్దేరిన కొడుకు,
ఏట్లో కాలు పట్టబోయిన చేప,
దాని చేదు రాస్తే ఊడిపడ్డ తెల్లపొర.
"కాలు పట్టిందంటే వాలుగే" అంది అత్త, నమ్మకంగా.

ఆ కొడుకు వెంట ఒక కుక్క కూడా నడిచింది.
దానికి ఏ పనీ లేదు. కథకి అక్కర్లేదు.
మా గ్రంథంలో కుక్కలు పుళ్ళు నాకుతాయి,
రాణి శవాన్ని పీక్కుతింటాయి.
మనిషి వెంట ఊరికే నడిచిన కుక్కని
నలభై ఏళ్ళొచ్చాక చూశాను.

వేదాంత కళాశాలలో చదివిన మా తమ్ముడంటాడు,
"పెద్దలు కొలిచారక్కా. కొలతకి నిలిచినవి ఉన్నాయి.
ఆ మాటకి మొదటి అర్థం గడ, కొలిచే గడ."
ఏం గడరా అంటే, కిక్కిస లాంటిదన్నాడు.

కిక్కిస నాకు తెలుసు.
గట్టుకి ఇవతల చేలల్లో మొలవనివ్వరు.
అవతల, లంక అంచున,
ఏ ఏడు ఉంటుందో ఏ ఏడు కోసుకుపోతుందో
రెవిన్యూ వాళ్ళకే తెలియని నేలలో
మనిషెత్తు పెరిగి ఊగుతుంది.
కొలిచే గడని
కొలతకందని చోటు నుంచే కోసుకొస్తారు.
తమ్ముడితో అనలేదు ఇది.
వాడు మంచివాడు, ఆదివారం ప్రసంగం ఉంది.

సంచిలోంచి మా పుస్తకం తీశాను.
"రాసేస్తానత్తా, ఆరో పేరు."
దోర్కమ్మ ఆ కాగితం మీద
లేసు ముడి వెతికినట్టు వేలు నడిపింది.
మరక దగ్గర ఎలా ఆగిందో నాకు తెలీదు.
బహుశా అక్కడ కాగితం గరుకు.
"వద్దే. మా నాన్న అక్షరం పక్కన
నీ కోడి గీతలు బాగోవు. ఇది ఉండనీ."
కాసేపాగి,
"సిలువ మాత్రం ఎవర్నీ పెట్టనియ్యకు, అప్పుడే."

చివరి పంటుకి పొద్దు వాలుతోంది.
రేవు దాకా
ఎవరిదో ఎర్ర కుక్క
నా వెనకే వచ్చింది.